ఎర్ర దారం ముడి

శివనాగరాజు ఎవరినీ నమ్మడు. కొత్తపేటలో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఆయనకీ తెలుసు. దాన్ని ఆయన లోపం అనుకోలేదు. వృత్తిలో ఒక భాగం అనుకున్నాడు.

వృత్తి నాటకాల సామాను అద్దెకివ్వడం. కిరీటాలు, భుజకీర్తులు, గదలు, గడ్డాలు, సవరాలు, జరీ కోట్లు, తెరలు. మెయిన్ రోడ్డు దిగి సందులోకి తిరిగితే ఒక పొడుగాటి పెంకుటి గది. లోపల కర్పూరం ఉండల వాసన, పాత చెమట వాసన. తీర్థాలు, జాతరలు జరిగే రోజుల్లో రాజోలు నుంచి రావులపాలెం దాకా ఎక్కడ పౌరాణిక నాటకం వేసినా కృష్ణుడి నెత్తిమీద కిరీటం ఆ గదిలోంచి వెళ్ళిందే.

నాటకాల వాళ్ళ మధ్యే పెరిగాడు. వేషం కట్టినవాడు ఏడవమంటే ఏడుస్తాడు, కాళ్ళమీద పడమంటే పడతాడు. స్టేజీ దిగాక ఆ విద్య మరిచిపోతాడని నమ్మకం ఏమిటి? అందుకే నాటకం అయ్యీ అవగానే, వేషగాళ్ళు టీ తాగకముందే, సామాను వెనక్కి తీసేసుకునేవాడు. ప్రతి కోటూ తిరగేసి చూసేవాడు. గుండీలు తడిమేవాడు. మెడ దగ్గర వాసన చూసేవాడు. ఆఖరి అంకంలో చచ్చిపోయినవాడు లేచి ఒళ్ళు దులుపుకుంటుంటే, ఆ దుమ్ము తన జరీ మీద పడకుండా ముందు కోటు విప్పించేవాడు. ఒకరి దగ్గర ఒక్క పూట కూడా సామాను వదిలి వచ్చిన మనిషి కాదు.

ఇంత జాగ్రత్తకీ ఒక మూలం ఉంది. పెళ్ళి కాకముందు ఒకసారి గోదావరి అవతల ఒక ఊళ్ళో నాటకం చూడ్డానికి వెళ్ళాడు. స్టేజీ మీద తన తెర వేలాడుతోంది. నీలం తెర, అంచున నెమళ్ళు. ఎప్పుడో పోయిన తెర. లేచి వెళ్ళి నాటకం కంట్రాక్టరుని అడిగాడు. ఆయన తెర అంచు నిమురుతూ చాలా మర్యాదగా, "మీదేనాండీ? గుర్తేంటండీ?" అన్నాడు.

"నెమళ్ళు."

"నెమళ్ళు లేని తెర ఎక్కడుందండీ?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. శివనాగరాజు గోదావరి దాటే పంటు ఎక్కి ఇంటికి వచ్చేశాడు. మర్నాడు ఒక ఎర్ర దారం రీలు కొన్నాడు. అప్పట్నుంచి తన గదిలో ఉన్న ప్రతి గుడ్డకీ, మెడ వెనక, పైబట్టకీ లోబట్టకీ మధ్య, ఒక్క కుట్టు వేసి గట్టి ముడి బిగించేవాడు. బయటికి కనపడదు. తలుపు గడియ పెట్టుకుని కుట్టేవాడు. పెళ్ళయ్యాక భార్య కుసుమకి కూడా చెప్పలేదు. తన చొక్కాలకీ కుట్టుకున్నాడు. చాకలి మాత్రం మనిషి కాదా?

ఇంతటి మనిషి కూతురు యూనివర్సిటీలో నాటకం, నాట్యం చదువుతానంది.

పేరు దుర్గాశ్రీ. చిన్నప్పుడు అమలాపురంలో కూచిపూడి నేర్పించారు. డిగ్రీ అయింది. బి.ఇడి. అంటుందనుకుంటే విశాఖపట్నంలో సీటు వచ్చిందని ఫోను చూపించింది.

"రెండేళ్ళా?" అన్నాడు శివనాగరాజు. "నాటకం నేర్చుకోడానికి రెండేళ్ళెందుకు? మన నరసింహమూర్తిగారు మూడు రాత్రుళ్ళలో కృష్ణుడి పద్యాలన్నీ పట్టేసేరు."

"పద్యాలు కాదు నాన్నగారూ. ఒళ్ళు ఎలా వాడాలో నేర్పుతారు."

ఆ మాట ఆయనకి అసలే నచ్చలేదు. ఒక రోజంతా గదిలోంచి బయటికి రాలేదు. ఆ సాయంత్రం కుసుమ కాఫీ గ్లాసు తెచ్చి ముందు పెట్టి, "కిరీటాలు అద్దెకిచ్చి పెంచేరు దాన్ని. కిరీటం పెట్టుకుంటానంటే తప్పేంటండీ?" అంది. ఆయన కాఫీ తాగి ఒప్పుకున్నాడు. షరతు మాత్రం పెట్టాడు. "తేడా కనపడిందా, ఆ పూటే తీసుకొచ్చేస్తాను. చదువూ లేదు, పరీక్షా లేదు."

దుర్గాశ్రీ, "ఆయ్, అలాగేనండి," అంది. అంత తొందరగా ఒప్పుకోవడం కూడా ఆయనకి అనుమానంగానే తోచింది.

పెట్టె సర్దిన రాత్రి, అందరూ పడుకున్నాక, ఆమె కుర్తాలన్నిటికీ మెడ వెనక ఎర్ర దారం కుట్టాడు.

మొదటి ఏడాది ఫోన్లలో గడిచింది. ఏం చెప్పారని అడిగితే, ఊపిరి తీసుకోవడం అనేది. కింద పడటం అనేది. ఒకరి వెనక ఒకరు, ముందువాళ్ళు ఎలా నడిస్తే అలా నడవడం అనేది.

"దానికి ఫీజు తీసుకుంటున్నారా?" అన్నాడు.

"దెబ్బ తగలకుండా పడటం చాలా కష్టం నాన్నగారూ."

ఫోను పెట్టేసి కుసుమతో అన్నాడు: "ఒకరి వెనక ఒకరు నడవడమట. ముందు నడిచేది ఎవరో చెప్పలేదు చూసేవా?"

"మీరు పెళ్ళిచూపుల్లో నన్నూ అలాగే చూసేరు," అంది కుసుమ. "చీర తిరగేసి చూస్తారేమోనని మా అమ్మ హడిలిపోయింది."

రెండో ఏడాది శీతాకాలం సెలవులకి దుర్గాశ్రీ వచ్చింది. మనిషి మారింది. మాట తగ్గింది. పొద్దున్నే వచ్చి సామాను గదిలో గుమ్మం పక్కన కూర్చునేది. పుస్తకం లేదు, ఫోను లేదు. ఊరికే చూస్తూ ఉండేది. ఆయన గదకి రంగు వేస్తుంటే చేతులు చూసేది. తిరిగి చూస్తే కళ్ళు తిప్పుకునేది. సామాను గదిలో అలా చూసేవాళ్ళని ఆయన ఎరుగును. వాళ్ళు వెళ్ళాక ఏదో ఒకటి తగ్గుతుంది.

"ఏం చూస్తున్నావ్?"

"ఏం లేదండి."

ఏం లేనిదాన్ని ఎవరూ అంతసేపు చూడరు.

తర్వాత నరసింహమూర్తిగారింటికి వెళ్ళి రావడం మొదలుపెట్టింది. నరసింహమూర్తి ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పేరున్న కృష్ణుడు. ఇప్పుడు మోకాళ్ళు పనిచేయవు. అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పిలుస్తుంటాడు. శివనాగరాజు వెళ్ళి అడిగాడు.

"మా అమ్మాయి మీ దగ్గరకెందుకు వస్తోందండీ?"

"కబుర్లకండి."

"ఏం కబుర్లు?"

"పాత కబుర్లండి. కొత్తవి నా దగ్గరెక్కడున్నాయి?" అని ఆయన మీసంలో నవ్వుకున్నాడు. ఆ నవ్వు శివనాగరాజుకి తెలుసు. జూదం అంకంలో పాచికలు దాచుకునేవాడి నవ్వు.

రెండ్రోజుల తర్వాత పెరట్లో నూతి దగ్గర ఆమె ఫోనులో మాట్లాడుతోంది. "ఆయ్, తెస్తాను... నాన్నగారికి తెలీదు... తెలిస్తే ఇంకేమన్నా ఉందా?" అరటిచెట్ల వెనక నిలబడి శివనాగరాజు ఆ మూడు ముక్కలే విన్నాడు. మిగతాది అవతలివాళ్ళు మాట్లాడారు.

ఆ మధ్యాహ్నమే ఆమె వచ్చి అడిగింది. "నాన్నగారూ, మీ పాత చొక్కా ఒకటి ఇస్తారా?"

"దేనికి?"

"కావాలండి."

ఆయన ఊదా గళ్ళ చొక్కా ఇచ్చాడు. మోచేతుల దగ్గర నలిగినది. ఇచ్చే ముందు మెడ తడిమి చూశాడు. ముడి ఉంది. అయినా దాని మీద ఇంకో ముడి వేశాడు. చొక్కా ఎక్కడికి వెళ్తుందో తనకి తెలియాలి.

ఆమె విశాఖపట్నం వెళ్ళిన కొన్నాళ్ళకి ఫోను చేసింది. ఈ సెమిస్టరు పరీక్ష పేపరు మీద కాదు. ఎవరి ఊళ్ళో వాళ్ళు ఒక ప్రదర్శన వెయ్యాలి. మేడమ్, క్లాసువాళ్ళు వ్యానులో వస్తారు. జగ్గారావుగారి కొబ్బరి కొట్టు ముందు ఖాళీ స్థలం ఆమే అడిగి పెట్టుకుంది.

శివనాగరాజు మెత్తబడ్డాడు. "మంచి తెర దింపుతాను. మఖమల్ది."

"తెర వద్దండి."

"మేకప్పు?"

"వద్దండి. డ్రెస్సులూ వద్దండి. ఒక్క కిరీటం చాలు."

తెర లేని నాటకం ఆయన వినలేదు. తెర లేకపోతే వేషాలు ఎక్కడ మార్చుకుంటారు? ఎవరూ ఏమీ దాచుకోనంటున్నారంటే, దాచింది ఇంకెక్కడో ఉందన్నమాట.

ఆ రోజు మధ్యాహ్నం వ్యాను వచ్చి సందు మొదట్లో ఆగింది. ముందు మేడమ్ దిగింది, తర్వాత పిల్లలు. వాళ్ళ వెనక సన్నగా పొడుగ్గా ఒక కుర్రాడు దిగాడు. ఒంటిమీద ఊదా గళ్ళ చొక్కా.

శివనాగరాజు దగ్గరికి వెళ్ళాడు. మెడ మీద దోమ వాలితే తీసేవాడిలా చెయ్యి వేసి కాలరు తిప్పాడు. ఎర్ర దారం. మీద మీద రెండు ముడులు.

"నీ పేరేంటి?"

"కిషోరండి."

"ఏ ఊరు?"

"రామచంద్రాపురమండి."

మనవైపు వాడే. అది మరీ పాడుగా ఉంది. దూరపువాడైతే ఎప్పటికైనా దూరం పోతాడు.

"ఈ చొక్కా నీకెక్కడిది?"

"దుర్గాశ్రీ ఇచ్చిందండి." కుర్రాడు మెడ వదిలించుకోలేదు. పిల్లి నోట్లో పిల్లిపిల్లలా అలాగే నిలబడ్డాడు. "మీరే కదండీ అంకుల్?"

"నేనేంటి?"

"అదే అండి... సాయంత్రం చూద్దురుగానండి. ముందు చెప్పకూడదన్నారండి."

శివనాగరాజు చెయ్యి తీశాడు. ఇంటికి వెళ్ళి కుసుమతో, "వ్యానులోంచి అమ్మాయి సంచి దింపించు. అది తిరిగి వెళ్ళదు," అన్నాడు.

"ఇంకొక్క పరీక్షే కదండీ మిగిలింది. వేసవికి అయిపోతుంది."

"తేడా కనపడింది. ముందే చెప్పేను."

కుసుమ ఆయన మొహం చూసింది. వెళ్ళి సంచి తెచ్చి అరుగు మీద పెట్టింది. అటుగా వచ్చిన దుర్గాశ్రీ సంచిని చూసింది. తండ్రిని చూసింది. ఆయన కళ్ళు తిప్పుకోలేదు. ఆమె కొబ్బరి కొట్టు వైపు నడిచింది.

పొద్దు వాలుతోంది. ఒలిచిన కాయల రాశి ఒక పక్క, పీచు డొక్కల గుట్ట ఒక పక్క. మధ్యలో నీళ్ళు జల్లిన నేల. ఊరివాళ్ళు కుర్చీలూ పీటలూ ఎవరివి వాళ్ళు తెచ్చుకున్నారు. జగ్గారావు మనుషులు నరసింహమూర్తిని కుర్చీతో సహా మోసుకొచ్చి ముందు వరసలో దింపారు. మేడమ్ ఒక బల్ల మీద కాగితాలు పెట్టుకుని కూర్చుంది. శివనాగరాజు కొట్టు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వెనక నిలబడితే అందరూ కనపడతారు.

మైకు లేదు. ఒక అమ్మాయి కూర్చుని నేల మీద అరచేత్తో తాళం వేసింది.

దుర్గాశ్రీ కిరీటం పెట్టుకుని వచ్చింది. మీసం లేదు, రంగు లేదు. నాలుగడుగులు వేసి భుజం విరిచి, నడుం మీద చెయ్యి ఆనించి నిలబడింది. "ఓరి, మన నరసింహమూర్తిగారే!" అన్నారెవరో. ఆయన కుర్చీలో కదిలాడు. తర్వాత ఆమె కిరీటం తీసి రెండు చేతులతో ముందుకి చాచింది.

డొక్కల గుట్ట వెనకనుంచి ఊదా గళ్ళ చొక్కా వచ్చింది. కుర్రాడు కొంచెం ముందుకి వంగి, పాదాలు చప్పుడు కాకుండా వేస్తున్నాడు. కిరీటం అందుకున్నాడు. తిరగేశాడు. రాళ్ళు తడిమాడు. వాసన చూశాడు. ఇచ్చినామె మొహం ఒకసారి, కిరీటం ఒకసారి చూశాడు.

జనం ఘొల్లుమన్నారు.

శివనాగరాజు గోడని ఇంకొంచెం గట్టిగా ఆనుకున్నాడు. నడక తనది. మెడ సాచడం తనది. దుర్గాశ్రీ మళ్ళీ వచ్చింది, ఈసారి ఆడవేషం కట్టే మగవాడి వయ్యారంతో. మళ్ళీ వచ్చింది, మద్దెల మోసి వంగిపోయిన నడుంతో. ప్రతిసారీ కుర్రాడు తిరగేశాడు, తడిమాడు, వాసన చూశాడు. నవ్వు వరసలు దాటి వెనక్కి వచ్చింది. పక్కనున్న జగ్గారావు మోచేత్తో పొడిచి, "అచ్చు దింపేడండీ!" అన్నాడు.

అప్పుడు కుర్రాడు లేని తలుపు ఒకటి మూశాడు. గడియ పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. లేని సూదిలోకి లేని దారం ఎక్కించాడు. లేని కోటుని తిరగేసి మెడ వెనక ఒక్క కుట్టు వేశాడు. ముడి బిగించి, ఎడమ కన్ను మూసి, దారం కొరికాడు.

తను ఎడమ కన్ను మూస్తానని శివనాగరాజుకే తెలీదు. ఆయన చెయ్యి కంటి మీదికి వెళ్ళింది. రహస్యం నడివీధిలో పడింది. ఇప్పుడు జనం ఏమిటది అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతారు. రేపటికి ఊరంతా కోట్లు విప్పి దారం తెంపుతారు.

ఎవరూ ఏమీ అడగలేదు. పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ముందు వరసలోంచి ఒక పాత గొంతు, ఒకప్పుడు మైకు లేకుండా అవతలి గట్టుదాకా వినపడిన గొంతు లేచింది.

"వన్స్ మోర్!"

నరసింహమూర్తి. వెంటనే వెనకనుంచి, పక్కనుంచి: "వన్స్ మోర్! వన్స్ మోర్!"

కొత్తపేటలో పద్యం నచ్చితే అదే అంటారు. అన్నాక పాడాల్సిందే. యుద్ధంలో చచ్చి పడున్నవాడైనా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే. కానీ ఇది పరీక్ష. కుర్రాడు సూది పట్టిన వేళ్ళు గాలిలో అలాగే ఉంచి దుర్గాశ్రీని చూశాడు. ఆమె మేడమ్‌ని చూసింది. మేడమ్ కలం కింద పెట్టి, మీ ఇష్టం అన్నట్టు చేతులు విప్పింది.

కుర్రాడు మళ్ళీ తలుపు మూశాడు. కానీ ఈసారి కోటు కుట్టబోతే దుర్గాశ్రీ అడ్డం వచ్చింది. తన చున్నీ తీసి కుర్తాలా మడతపెట్టి కుర్రాడి ముందు పెట్టింది. పక్కకి వెళ్ళి నేలమీద పడుకుని కళ్ళు మూసుకుంది. కుర్రాడు చుట్టూ చూసి కుట్టడం మొదలుపెట్టాడు. పడుకున్న పిల్ల ఒక కన్ను తెరిచింది.

నవ్వు ఆగిపోయింది.

ఆమె చూస్తూనే ఉంది. కుర్రాడు ముడి బిగించాడు. దారం కొరికాడు. ఆమె కన్ను మూసేసింది. తర్వాత లేచి, చున్నీ మెడకి వేసుకుని, లేని పెట్టె ఎత్తుకుని కొట్టు గేటు వైపు నడిచింది. కొంచెం దూరం వెళ్ళి, ఏదో గుచ్చుకున్నట్టు మెడ వెనక తడుముకుంది. ఇంకా కొంచెం వెళ్ళి మళ్ళీ తడుముకుంది. గేటు దాటింది. నేల మీద తాళం ఆగింది. వెనక కుర్రాడు ఖాళీ చేతులు తిరగేసి చూసుకుంటూ ఉండిపోయాడు.

అదే ఆఖరని జనానికి వెంటనే తెలియలేదు. తెర లేదు కదా. తెలిశాక చాలాసేపు చప్పట్లు కొట్టారు.

శివనాగరాజు తిన్నగా నరసింహమూర్తి కుర్చీ దగ్గరికి వెళ్ళాడు.

"దారం సంగతి మీరే చెప్పేరా అమ్మాయికి?"

"నేను చెప్పేదేంటండీ? అమ్మాయే నాకు చెప్పింది. నాకు ముందే తెలుసన్నాను."

"మీకెలా తెలుసు?"

"చెమట పడితే గుచ్చుకుంటుందండి ముడి. పద్యం ఎత్తుకున్నప్పుడల్లా వీపు మీద మీరే కూర్చున్నట్టుండేది. వేషం కట్టినవాళ్ళందరికీ తెలుసండి. మీ వెనక మిమ్మల్ని ఏమంటారనుకున్నారు? ఎర్రదారంగారంటారు."

"ఎప్పట్నుంచి?"

"మీరు మొదలెట్టిన ఏడాది నుంచేనండి."

శివనాగరాజు తన మెడ వెనక తడుముకున్నాడు. "మరి తెంపెయ్యలేదేం?"

"తెంపితే మీకు నిద్ర పట్టదు కదండీ," అన్నాడు నరసింహమూర్తి.

వ్యాను తిప్పి పెట్టారు. పిల్లలు ఎక్కుతున్నారు. కుసుమ అందరికీ టీ ఇస్తోంది. శివనాగరాజు కుర్రాడి దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాడు. "చొక్కా."

కిషోర్ టీ గ్లాసు ఇంకా నోటికి పెట్టుకోలేదు. గ్లాసు కింద పెట్టి, చొక్కా విప్పి, మడతపెట్టి ఇచ్చాడు. బనీనుతో నిలబడ్డాడు. అందరూ చూస్తున్నారు. శివనాగరాజు చొక్కా తిరగేశాడు. చేతులు చూశాడు. గుండీలు తడిమాడు. తడుముతున్నానని తెలిసింది. అయినా ఆపలేదు.

"కింద గుండీ లేదు."

"రిహార్సల్లో ఊడిందండి. దొరకలేదండి."

దుర్గాశ్రీ అరుగు దగ్గర నిలబడి ఉంది. చెయ్యి సంచి మీద ఉంది, కానీ ఎత్తలేదు.

"ఇదింకా వేస్తారా ఎక్కడన్నా?" అని అడిగాడు ఆమెని.

"వేసవి పరీక్షకి ఇదే పెద్దది చెయ్యమన్నారండి మేడమ్. నేను వెళ్తే."

"నన్ను చూసి నవ్వేరు."

"నవ్వేరండి."

"నువ్వు నిద్రపోలేదా ఆ రాత్రి?"

"లేదండి."

"చెప్పలేదేం?"

"చెప్తే మీరు ఇంకోచోట కుట్టేవారు."

కుసుమ నవ్వబోయి ఊరుకుంది. శివనాగరాజు చొక్కా మడత సరిచేశాడు. సంచి జిప్పు తీసి, మధ్యలో చోటు చేసి, అందులో పెట్టాడు. జిప్పు లాగాడు. లాగి, సరిగ్గా పడిందో లేదో మళ్ళీ చూశాడు. సంచి తనే మోసుకెళ్ళి వ్యానులో ఆమె సీటు కింద పెట్టాడు.

"గుండీ కుట్టించి తీసుకురా," అన్నాడు. కుర్రాడిని చూపించి, "ఇతనికి వేరే చొక్కా లేదా? చలిలో బనీనుతో వెళ్తాడా? నువ్వు ముందు సీట్లో కూర్చో, మేడమ్ పక్కన."

వ్యాను మలుపు తిరిగేదాకా చూశాడు. ముందు సీట్లోనే కూర్చుంది.

ఆ వారంలో తీర్థానికి నాటకం ఉంది. శివనాగరాజు కొత్త జరీ కోటు ఒకటి తీశాడు. తలుపు గడియ పెట్టబోయి, చెయ్యి దాని మీద కాసేపు ఉంచి, తీసేశాడు. సూదిలోకి ఎర్ర దారం ఎక్కించాడు. మెడ వెనక ఎప్పటిలాగే ఒక్క కుట్టు వేశాడు. ముడి మాత్రం వీపుకి తగలని వైపు బిగించాడు.